యాత్రా రచనలో తొలిచూపు: కర్త ఎవరు?

ఈ మధ్య మన పత్రికల్లో యాత్రా రచనలు విరివిగా వస్తున్నాయి. ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా నాలుగు రోజుల సింగపూరో, అయిదు రోజుల బాంకాకో, వారం రోజుల వియత్నామో కనబడుతుంది. రాసేవాళ్ళలో చాలామంది నాలాంటి ఉపాధ్యాయులు, బాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవాళ్ళు. ఒకప్పుడు సంపన్నులకూ పై చదువులకు వెళ్ళేవాళ్ళకూ పరిమితమైన విదేశయానం మధ్యతరగతి చేతికి అందిందనడానికి ఇది గుర్తు. రచనలు పెరిగాయి. వాటి మీద విమర్శ మాత్రం పెరగలేదు. కథనూ కవితనూ వస్తువనీ, శిల్పమనీ, దృక్పథమనీ విడదీసి పరిశీలించే మనం యాత్రా రచన దగ్గరికి వచ్చేసరికి "కళ్ళకు కట్టినట్టు రాశారు" అని ఊరుకుంటున్నాం. ఎవరి కళ్ళతో చూశారు, ఆ కళ్ళకు కనబడకుండా పోయింది ఏమిటి అని అడగడం లేదు. ఆ ప్రశ్న అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం. అడిగేది ముందుగా నన్ను నేనే.

మిత్రులు కొందరు ఈ రచనలను ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అయిదు రోజుల్లో ఒక దేశం ఏం తెలుస్తుంది, అది విహారమే గాని యాత్ర కాదు, అక్కడ ఏళ్ళ తరబడి బతికినవాళ్ళే రాయాలి అని వాళ్ళ వాదం. ఈ వాదంతో నేను ఏకీభవించలేను. అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, కొద్ది రోజుల విహారాన్ని చిన్నచూపు చూసే హక్కు అభ్యుదయవాదులకు అసలే లేదు. జీతం కోత పడకుండా నాలుగు రోజులు ఊరు విడిచి వెళ్ళే అవకాశం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1936లో ఫ్రాన్సు కార్మికులు ఫ్యాక్టరీల్లోనే బైఠాయించి చేసిన సమ్మెల ఫలితంగా ఏడాదికి రెండు వారాల జీతపు సెలవు అక్కడ చట్టమయింది. ఆ ఏడే అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన సెలవుల మీద ఒక ఒడంబడికను ఆమోదించింది. సముద్రాన్ని జీవితంలో మొదటిసారి చూడడానికి రైలెక్కిన కార్మిక కుటుంబం చూపు పనికిమాలిన చూపు అనగలమా? మన వ్యవసాయ కూలీకి ఈనాటికీ అలాంటి సెలవు లేదు. లేనిదాన్ని గురించి బాధపడాలి గాని, ఉన్నదాన్ని వెక్కిరించకూడదు.

రెండోది, ఎక్కువకాలం ఉన్నంత మాత్రాన ఎక్కువ కనబడుతుందన్న హామీ లేదు. పరాయి దేశంలో ఇరవై ఏళ్ళున్నా తన వీధి, తన ఆఫీసు, తన కులంవాళ్ళ పండగలు తప్ప మరొకటి ఎరగనివాళ్ళు మనకు తెలుసు. పాతికేళ్ళుగా ఒకే బడికి వెళ్తూ ఆ బడి వెనక వాడ ఎలా ఉంటుందో చూడని ఉపాధ్యాయులూ మనకు తెలుసు. అంచేత రోజుల లెక్కతో తూకం వేసి యాత్రా రచనకు మార్కులివ్వలేం. కొలత మరొకటి కావాలి.

ఆ కొలత నాకు దొరికింది నేను రాసిన ఒక చెడ్డ వ్యాసంలో. 2019 దసరా సెలవుల్లో తోటి ఉపాధ్యాయులతో కలిసి అయిదు రోజులు థాయిలాండ్ వెళ్ళాను. నేను దేశం దాటడం అదే మొదలు. తిరిగి వచ్చిన వారానికే మా జిల్లా సాహితీ మిత్రుల ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాశాను. అందరూ మెచ్చుకున్నారు. నిరుడు విద్యార్థులకు వ్యాసరచన పాఠం చెబుతూ ఉదాహరణగా దాన్నే తీశాను. తీసి, చదివి, చదవలేక మూసేశాను.

ఆ వ్యాసంలో నేను తీర్మానాల్లాంటి మాటలు మూడు రాశాను. "ఎంత శుభ్రమైన దేశం!" అన్నది ఒకటి. "ఇక్కడి జనం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు" అన్నది రెండోది. "ఎక్కడ చూసినా మన సంస్కృతే" అన్నది మూడోది.

మూడోదాన్ని ముందు చూద్దాం. తిరుగు ప్రయాణంలో సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం శిల్పం కనబడుతుంది. దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క, నడుమ వాసుకి. అక్కడ ఫోటో దిగని తెలుగువాడుండడు. నేనూ దిగాను. అంతకు రెండు రోజుల ముందు మరకత బుద్ధుడి ఆలయం మండపాల గోడల మీద రామకథ చిత్రాలు చూశాను. మొత్తం 178 చిత్రాలు. "మన రామాయణమే" అని రాసేశాను. అది రామకియెన్. ఇప్పుడు ప్రామాణికంగా చెలామణి అవుతున్న పాఠం 1797లో మొదటి రామ రాజు ఆధ్వర్యంలో తయారయింది. అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతువు కడుతుండగా రాళ్ళు ఎత్తుకుపోయే సువన్నమచ్చ అనే మత్స్యకన్యను ప్రేమిస్తాడు. ఆమె రావణుడి కూతురు. వాళ్ళకు ఒక కొడుకు. ఒక జాతి పరాయి కథను తీసుకుని తన ఇష్టానికి, తన రుచికి తిరిగి అల్లుకున్న సృజన అది. దాని ముందు నిలబడి నేను నా ఇంటి పేరు మాత్రం చదువుకుని వచ్చాను. కొత్త దేశంలో తొలిచూపు చేసే మొదటి మోసం ఇదే. తెలిసినదాన్ని గుర్తుపట్టి, చూశాననుకుంటుంది.

ఇక మొదటి వాక్యం. "ఎంత శుభ్రమైన దేశం!" తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నా వాక్యాన్ని నేనే పరీక్షకు పెట్టుకున్నాను. ఇందులో కర్త ఎవరు? దేశం శుభ్రంగా ఉండదు. ఎవరో శుభ్రం చేస్తేనే శుభ్రంగా ఉంటుంది. ఊడ్చిన చెయ్యి వాక్యంలో లేదు. నిజానికి ఆ చెయ్యి నాకు కనబడకపోలేదు. మా హోటల్లో రోజూ పొద్దున గది సర్దడానికి ఒక నడివయసు స్త్రీ వచ్చేది. మూడో రోజున మాట కలపబోయి "థాయ్?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "మ్యన్మా" అంది. నేను "రంగూన్?" అన్నాను. అది కాదన్నట్టు చేత్తో ఇంకా దూరం చూపించి, నవ్వి, దుప్పటి దులుపుకుంటూ పనిలో పడిపోయింది. థాయిలాండ్‌లో ఇళ్ళు కట్టే చోట, చేపల మిల్లుల్లో, హోటళ్ళలో ఇలా బర్మా నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు లక్షల్లో ఉన్నారని తర్వాత తెలిసింది. నా వ్యాసంలో ఆమె లేదు. ఆమె నవ్వు మాత్రం ఉంది. "ఇక్కడి జనం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు" అన్న రెండో వాక్యంలో చేరిపోయింది, పైగా థాయ్ జనం నవ్వుగా. అతిథి ముందు నవ్వడం ఆమె ఉద్యోగంలో భాగమేమో అన్న ఆలోచనే నాకు రాలేదు.

కాబట్టి నేను ప్రతిపాదించే కొలత ఇది. యాత్రా రచనలో కర్త ఉన్నాడా? చూస్తున్నవాడు ఎవరో, ఎవరి శ్రమ మీద కూర్చుని చూస్తున్నాడో, చూడబడుతున్న పనిని ఎవరు చేస్తున్నారో ఆ రచన చెబుతున్నదా? చెబితే ఒక్కరోజు చూపయినా సాహిత్యమవుతుంది. చెప్పకపోతే పదేళ్ళ నివాసమైనా ప్రకటన కాగితమే.

ఇది కేవలం నీతి బోధ కాదనడానికి రెండు ఉదాహరణలు చూపిస్తాను. రెండూ జపానును మొదటిసారి చూసినవాళ్ళవి.

లాఫ్కాడియో హెర్న్ అనే రచయిత అమెరికాలో పత్రికా రచన చేసి, 1890 ఏప్రిల్‌లో యోకొహామా రేవులో దిగాడు. 1894లో అచ్చయిన ఆయన జపాను పుస్తకం తొలిరోజు అనుభవంతోనే మొదలవుతుంది. తొలి అనుభూతులు ఒకసారి పోతే మళ్ళీ రావు, వెంటనే కాగితం మీద పెట్టమని అక్కడి ఒక ఇంగ్లీషు ఆచార్యుడు ఆయనకు సలహా ఇచ్చాడు. హెర్న్ ఆ సలహా పాటించలేదు. ఆ మొదటి వారాల్లో ఇంట్లో కూర్చుని రాయడానికి మనసొప్పక వీధులు పట్టి తిరిగాడు. తర్వాత ఆనాటి హడావుడి నోట్సు దగ్గర పెట్టుకుని రాశాడు. ఆ రచనలో తొలిచూపు బలమూ ఉంది, బలహీనతా ఉంది. బలహీనత ఏమిటంటే, ఆయనకు అన్నీ చిన్నవిగా, వింతగా, కథల్లోని గంధర్వలోకంలా కనబడ్డాయి. ఆ పుస్తకం వెలువడిన 1894లోనే ఆ గంధర్వలోకం చైనా మీద యుద్ధానికి దిగింది. ఆ సైన్యమూ ఆ ఫ్యాక్టరీలూ తొలిరోజు చూపుకు అందలేదు.

బలం వేరే చోట ఉంది. ఆ రోజంతా ఆయన్ను రిక్షాలో తిప్పిన మనిషికి ఆ రచనలో పేరుంది. అతని పేరు చా. ఇంగ్లీషు రాదు. హెర్న్‌కు జపాను భాష రాదు. చా నెత్తి మీది గొడుగులాంటి టోపీ, చెమటతో తడిసిన అతని బట్టలు, తనలాంటి ప్రాణమూ ఆశలూ ఉన్న మనిషిని గుర్రంలా కట్టి పరిగెత్తిస్తున్నానన్న హెర్న్ ఇబ్బంది, అన్నీ అక్కడ ఉన్నాయి. గుడుల వర్ణన కంటె ఇవే నాకు గుర్తుండిపోయాయి. హెర్న్ ఆ దేశంలోనే పెళ్ళి చేసుకుని, 1896లో ఆ దేశపు పౌరుడై, కొయిజుమి యకుమో అన్న పేరుతో 1904లో అక్కడే చనిపోయాడు. ఆ ఏడు వెలువడిన చివరి పుస్తకంలో ఒక జపాను మిత్రుడు తనతో అన్న మాట తలుచుకున్నాడు. మమ్మల్ని అసలు అర్థం చేసుకోలేనని నీకెప్పుడు తెలుస్తుందో, అప్పటి నుంచే మేం నీకు కాస్త తెలియడం మొదలవుతుందని దాని భావం. పద్నాలుగేళ్ళున్నవాడు చేరిన చోటు ఇది. అయిదు రోజులున్న నేను మూడు తీర్మానాలు చేసి వచ్చాను.

రెండో ఉదాహరణ రవీంద్రనాథ్ టాగూరు. ఆయన 1916 మే నెలలో కలకత్తాలో జపాను ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణం గురించి బెంగాలీలో రాసిన రచన 'జపాన్ జాత్రీ'. దారిలో ఓడ రంగూన్‌లో ఆగింది. నిజానికి అది ఈనాటి మన చిన్న విహారంలాంటి మజిలీయే. ఆ కొద్ది సమయంలోనే ఆయన ఒక సంగతి పట్టుకున్నాడు. రంగూన్ నగరంలో బర్మా లేదు, ఇది ఆ నేలలోంచి మొలిచిన ఊరు కాదు అని. హాంకాంగులో వాన వల్ల ఒడ్డుకే దిగలేదు. ఓడ మీద నుంచే రేవులో సరుకులెత్తుతున్న చైనా కూలీలను చూశాడు. వాళ్ళ ఒంటి పొందికలో, పని లయలో ఉన్న అందానికి ముగ్ధుడై, ఇంత శక్తి ఉన్న జాతికి ఆధునిక సాధనాలు చేతికి వచ్చిననాడు దాన్ని ఆపగలవాళ్ళు ఉండరని రాశాడు. ఓడ దిగకుండా చూసిన చూపు అది! పని చేసే మనిషి మీద కన్ను నిలిపితే తొలిచూపు కూడా ఎంత దూరం పోగలదో ఇంతకంటె రుజువు అక్కరలేదు.

జపాను చేరాక అక్కడి వీధుల నిశ్శబ్దం, నిగ్రహం, పొదుపైన సౌందర్యం ఆయన్ను ఆకట్టుకున్నాయి. మెచ్చుకున్నాడు. కాని మెచ్చుకుని ఊరుకోలేదు. ఆ ఏడే టోకియోలో, ఆతిథ్యమిచ్చినవాళ్ళ ఎదుటే, యూరపు జాతీయవాదాన్ని అరువు తెచ్చుకోవద్దని ఉపన్యసించాడు. అంతవరకు పొగిడినవాళ్ళు చల్లబడ్డారు. 1938లో జపాను కవి యోనె నొగుచి చైనా మీద దండయాత్రను ఆసియా పేరు చెప్పి సమర్థిస్తూ ఉత్తరం రాస్తే, టాగూరు దాన్ని నిర్మొహమాటంగా తిప్పికొట్టాడు. తాను ప్రేమించే ఆ ప్రజలకు విజయం గాక పశ్చాత్తాపం కలగాలని కోరుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందటి తొలిచూపులోని ప్రేమను ఆయన వదులుకోలేదు. ఆ ప్రేమ ఉన్నందువల్లనే అంత కఠినంగా మాట్లాడగలిగాడు. అతిథి మర్యాద పేరుతో నోరు మూసుకునే యాత్రా రచయితలందరికీ ఇది పాఠం.

టాగూరు ఆగిన రంగూన్ దగ్గర నేనూ ఒక్క క్షణం ఆగాలి. ఆ నగరంలో బర్మా లేదని ఆయనకు తోచింది గదా, మరి ఎవరున్నారు? 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేవాళ్ళలో, రిక్షా లాగేవాళ్ళలో ఎందరో తెలుగువాళ్ళు. మన తీరంలో ఆ ఊరిని 'రంగం' అనేవారు. కోరంగి రేవు పేరుతో మనవాళ్ళకు అక్కడ 'కోరంగీలు' అన్న పేరు పడింది. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేస్తే యాజమాన్యాలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఆకలికీ ఆకలికీ మధ్య పెట్టిన ఆ చిచ్చు అల్లర్లుగా మారి ఎందరినో బలి తీసుకుంది.

మా తాత ఆ రంగంలో రిక్షా లాగాడు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రవాడుగా వెళ్ళి, 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, లక్షలాది జనంతో పాటు కాలినడకన తిరిగి వచ్చాడు. టాగూరు హెచ్చరించిన ఆ జాతీయవాదమే చివరికి మా తాత నెత్తి మీద పడిందన్నమాట. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా "తాతా, రంగం ఎలాగుంటాది?" అని అడిగాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "నాను సూసినాదేటుందిరా? ఎనకాల కూకున్నోడు ఊరు సూసినాడు. నాను రోడ్డు సూసినాను" అన్నాడు. అప్పుడు నవ్వాను. సాహిత్య విమర్శలో నేను చదువుకున్నదంతా కలిపినా యాత్రా రచన మీద అంతకంటె మంచి మాట నాకు తారసపడలేదు. వెనక కూర్చున్నవాడు రాశాడు. ముందు లాగినవాడు రాయలేదు. రాయడానికి చదువూ లేదు, తీరికా లేదు.

మా తాత పొట్టకూటికి బర్మా వెళ్ళాడు. బర్మా నుంచి పొట్టకూటికి వచ్చిన ఆమె బాంకాక్‌లో నా పక్క దులిపింది. నేను "రంగూన్?" అని అడిగినప్పుడు నా నోటి వెంట వచ్చింది మా తాత ఊరే. అయినా ఆ రెండింటినీ కలిపే వాక్యం నా కలానికి రాలేదు. మూడు తరాల్లో రిక్షా ముందు నుంచి వెనక సీటుకు మారాను. ఆ మార్పు నా చూపును ఎంత మార్చిందో ఆ చెడ్డ వ్యాసం చెప్పింది.

ఇంతకూ యాత్రా రచయిత చెయ్యవలసింది ఏమిటి? సూత్రాలు చెప్పే అధికారం నాకు లేదు. కాని మన భాషలోనే ఒక మార్గం ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'ను ఎం.ఏ.లో మేం తేదీల కోసం బట్టీ పట్టాం. అసలు విషయం చూడలేదు. ఆయన మజిలీలు ఎక్కువగా ఒక్క రాత్రివే. అంటే ఆ పుస్తకమంతా తొలిచూపులే. అయితే ఆయన ప్రతి చోటా తేదీ వేశాడు. దారి ఎలాంటిదో, నీళ్ళు ఎక్కడున్నాయో, ఏ సరుకులు దొరుకుతాయో రాశాడు. తాను పల్లకీలో ఉన్నాననీ, దాన్ని మోసే బోయీలున్నారనీ దాచలేదు. ఆయన సనాతనుడు, కంపెనీ ఏలుబడిలో కొలువు చేసినవాడు. ఆయన అభిప్రాయాల్లో మనం తిరస్కరించవలసినవి చాలా ఉన్నాయి. కాని తిరస్కరించడానికి కావలసిన ఆధారాలు కూడా ఆయనే మనకిచ్చాడు. మంచి యాత్రా రచనకు అదే లక్షణం. రచయిత పొరపడినా, ఎక్కడ నిలబడి పొరపడ్డాడో పాఠకుడికి తెలుస్తుంది.

అంచేత కొద్ది రోజుల ప్రయాణం చేసి వచ్చే మిత్రులకు నా మనవి ఇది. రాయండి, తప్పకుండా రాయండి. తొలిచూపును తర్వాత చదివిన పుస్తకాలతో దిద్ది పెద్దరికం తొడగకండి. అది అప్పటి మీ అజ్ఞానానికి కూడా సాక్ష్యం. సాక్ష్యాన్ని తారుమారు చెయ్యకూడదు. ఎన్ని రోజులున్నారో, ఎవరి డబ్బుతో వెళ్ళారో, ఎవరు తిప్పి చూపించారో మొదటి పేజీలోనే చెప్పండి. "ఈ దేశం ఇలాంటిది" అనబోయే ముందు "ఈ వీధి, ఈ పూట, నాకు ఇలా కనబడింది" అనండి. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. గోపురం ఎత్తు, సముద్రం రంగు అది చెబుతుంది. అది చెప్పలేనిది కర్తను. ఆ పని మాటలతోనే చెయ్యాలి.

విద్యార్థులకు ఆ రోజు నా వ్యాసాన్నే నల్లబల్ల మీద పెట్టి తప్పులు దిద్దమన్నాను. "ఎంత శుభ్రమైన దేశం!" అన్న వాక్యం దగ్గర వెనక బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, "ఎవరు ఊడ్చారు సార్?" అని అడిగింది. వాళ్ళమ్మ పంచాయతీలో పారిశుధ్య కార్మికురాలు. నాకు ఎంతకాలానికో తట్టిన ప్రశ్న ఆ పిల్లకు ఒక్క నిమిషంలో తట్టింది. రేపు ఆ పిల్ల కొత్త దేశానికి వెళ్ళి, అయిదు రోజులే ఉండి, ఒక యాత్రా వ్యాసం రాస్తుందనుకోండి. దాన్ని చదవడానికి నేను ఎదురు చూస్తున్నాను.